కాగితాల్లో ఢిల్లీ వెళ్లినవాళ్లు

భవానికి కాలు ఒకచోట నిలవదు. నడుస్తుంటే సరే, కూర్చున్నా కుడికాలు బల్ల కింద ఊగుతూనే ఉంటుంది. చిన్నప్పుడు వాళ్లమ్మ "కాలూపకే, ఇంటికి దరిద్రం" అని తొడ మీద ఒక్కటిచ్చేది. పెళ్లయ్యాక మొగుడు తిరుమలరావు, పలాస స్టేషన్లో పార్సిలు గుమాస్తా, "నీ కాలికి చక్రం కడితే ఈపాటికి హౌరా చేరిపోదువే" అని ఏడిపించేవాడు. దెబ్బలకీ మానలేదు, ఎకసెక్కాలకీ మానలేదు. అలాంటి మనిషికి దేవుడు పొద్దస్తమానం కూర్చుని చేసే ఉద్యోగం ఇచ్చాడు, చూడండి ఆయన సరసం!

ఆ ఉద్యోగం రెండువేల రెండులో వచ్చింది. పలాసని ఆనుకునున్న కాశీబుగ్గలో జీడిపప్పు కొట్టు మీద ఒక మేడగది అద్దెకి తీసుకుని ఆఫీసు తెరిచారు. బోర్డు మీద ఇంగ్లీషులో మూడు లైన్ల పేరు. మధ్యలో ఊపిరి తీసుకోకుండా చదవడం ఎవరి తరమూ కాదు. అంత పేరు మనవాళ్లెందుకు పలుకుతారు? రిక్షా వాళ్ల దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా అందరికీ అది "చుట్టలాఫీసు".

ఆ పేరుకి కారణం ఉంది. ఉద్దానం తీరంలో ఆడవాళ్లు చుట్ట కాల్చేది అందరిలా కాదు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి పీలుస్తారు. అడ్డపొగ అంటారు దాన్ని. సముద్రపు గాలికి ఆరిపోదు, బట్టల మీద నుసి రాలదు, రెండు చేతులూ చేపలు ఎండబెట్టుకోడానికి ఖాళీగా ఉంటాయి. అన్నీ సుఖమే, అంగిలికి తప్ప. నిప్పు సెగకి అంగిలి తెల్లబారుతుంది, తర్వాత పుండు పడుతుంది, ఆ పుండు కొందరిలో రాచపుండవుతుంది. దాన్ని పసిగట్టి ముందే ఆపగలమా అని నాలుగు చోట్లవాళ్లు కలిసి పరిశోధన మొదలుపెట్టారు. విశాఖలో ఒక కాలేజీ డాక్టర్లు వచ్చి నోళ్లు చూస్తారు, అనుమానం ఉంటే చిన్న ముక్క తీస్తారు. ముంబైలో ఒక సంస్థ ఆ ముక్కల్ని పరీక్షిస్తుంది, కాగితాలన్నీ దాచి లెక్కలు కడుతుంది. ఊరొదిలి పైరాష్ట్రాలకి వెళ్లిపోయినవాళ్లని ఢిల్లీలో ఇంకో సంస్థ చూసుకుంటుంది. వీళ్లందరి వెనకా సముద్రాలవతల ఒక యూనివర్సిటీ.

ఈ నలుగురి మధ్యా కాగితాలు మోసేది భవాని. పలాస కాలేజీలో బీఏ, టైపు లోయరు, మూడు నెలల కంప్యూటరు కోర్సు. డాక్టర్ మోహనకృష్ణ గారు విశాఖ నుంచి వారానికి రెండు రోజులొచ్చేవారు. పోలారావు సైకిలు మీద ఊరూరా తిరిగి ఫారాలు నింపేవాడు. నింపిన ఫారాన్ని భవాని కంప్యూటర్లో ఎక్కించి, కార్బన్ కాపీ బీరువాలో పెట్టి, అసలుది ముంబైకి కొరియర్లో పంపేది. ముంబైవాళ్లకి అర్థం కానిదేదైనా ఉంటే ప్రశ్నలు పంపేవారు. వాటిని క్వెరీలనేవారు. నెలకొకసారి కట్టలు కట్టలుగా దిగేవి. మనిషి పుట్టిన తేదీ లేదేమని ఒకటి, వయసు "తుపానుకి ముందు పుట్టింది" అని రాస్తే ఏ తుపానని ఒకటి. ఫ్యాక్సు కాగితం చూడగానే ఆవిడ కాలి జోరు రెట్టింపయ్యేది.

ఇంకో పని కూడా ఉండేది. ముక్క తీయించుకున్న ఆడవాళ్లని బయట బెంచీ మీద కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పడం. డాక్టరు గారు ఇంగ్లీషులో అరపేజీ రాసిచ్చారు. దాన్ని భవాని మన మాటలోకి దింపి ఒక్క ముక్కలో చెప్పేది. "తేడా ఉంటే ఇంటికి ఉత్తరమొస్తాది. ఉత్తరం రానేదంటే ఏటీ నేదన్నమాటే. ఉప్పూకారం రెండు రోజులు తగ్గించండి." ఆ మాట ఎంత బాగా కుదిరిందో! ఆడవాళ్లు ఇళ్లకి వెళుతూ దాన్నే వల్లె వేసుకునేవారు. మోహనకృష్ణ గారు కూడా మెచ్చుకున్నారు.

రెండువేల మూడు జనవరిలో భావనపాడులో క్యాంపు పెట్టారు. చేపలెండేసే చోటు పక్కన తాటాకు పాక కింద రెండు కుర్చీలు, ఒక బల్ల. వరుసలో నాలుగో మనిషి ఎర్రమ్మ. నలభై ఏడేళ్లుంటాయేమో, నవ్వితే నోరంతా కనిపించే మనిషి. పోలారావు ఫారం తీసి మొగుడి పేరడిగాడు.

"ఒలమ్మా, ఆ పేరు నా నోట ఎలగొత్తాదిరా?" అంది.

మొగుడి పేరు చెప్పే అలవాటు అక్కడి ఆడవాళ్లకి లేదు. అడిగితే చిన్న పొడుపు వేస్తారు, విప్పుకున్నవాడు విప్పుకోవాలి. పోలారావుకీ ఇది కొత్త కాదు.

"పోనీ, గుర్తు సెప్పప్పా."

"మంత్రులందరూ కూకునే ఊరేదో అదే మా ఇంటాయన."

"హైదరాబాదా?"

"ఆల్లకంటే పెద్ద మంత్రుల్రా, తింగరోడా!"

"ఢిల్లీ!" అన్నాడు పోలారావు, పరీక్ష పాసైనట్టు. వరుసలో ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. ఎర్రమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది. భవానీ నవ్వింది. మన జిల్లాలో ఢిల్లీరావులకీ ఢిల్లీశ్వరరావులకీ కొదవేటి, వీధికి ఇద్దరుంటారు. ఆ ఇద్దరిలో ఏ రకమో పోలారావు అడగలేదు. వెనక ఇంకా ముప్పై మంది నిలబడి ఉన్నారు మరి. మొగుడి పేరు గడిలో ఇంగ్లీషు అక్షరాలతో "ఢిల్లీ" అని మాత్రం రాసి పంపేశాడు. డాక్టరు గారు ఎర్రమ్మ నోరు చూసి, అంగిట్లో ఎర్రటి మచ్చ దగ్గర ముక్క తీశారు. భవాని బెంచీ మీద కూర్చోబెట్టి తన మాట చెప్పింది.

జూలైలో ముంబై నుంచి నూట అరవై క్వెరీలొచ్చాయి. మర్నాడు పెద్దవాళ్లెవరో ఆఫీసు తనిఖీకి వస్తున్నారు, ఈలోగా అన్నిటికీ జవాబు వెళ్లిపోవాలట. భవాని అన్నం కూడా బల్ల మీదే తింది. తొంభయ్యో నంబరో ఎంతో ఉంటుంది, భావనపాడు ఎర్రమ్మది. ఒక్క లైను. "హజ్బెండ్ ఢిల్లీ? యస్ ఆర్ నో." భవాని ఫారం కార్బన్ కాపీ తీసి చూసింది. అవును, మొగుడి పేరు ఢిల్లీయే. తానే స్వయంగా విన్నది. "యస్" అని రాసి, పక్కన చిన్న సంతకం పెట్టి, తర్వాత దానికి వెళ్లింది. అలాంటివే ఇంకేవో కూడా వచ్చాయి. అన్నిటికీ ఫారం చూసే రాసింది. ఒళ్లు దాచుకోకుండా చేసింది. సాయంత్రం ఫ్యాక్సు పంపి, "హమ్మయ్య" అని కిందికి దిగి పావుకిలో జీడిపప్పు గుండ కొనుక్కుని ఇంటికెళ్లింది.

నవంబరులో ముంబై నుంచి ఇంకో జాబితా వచ్చింది. ఆచూకీ దొరక్క ఫైలు మూసేసినవాళ్ల పేర్లు, మొదటి విడతవి. ఆ రోజు డాక్టరు గారు లేరు. పోలారావు సైకిలు ట్యూబు పంచరు వేయించుకొచ్చి చేతులు కడుక్కుంటున్నాడు. భవాని పైనుంచి చదువుకుంటూ వచ్చి పకపకా నవ్వింది.

"పోలారావన్నా! ఇది విన్నావా? మన భావనపాడు ఎర్రమ్మ ఢిల్లీ ఎల్లిపోనాదట!"

"ఢిల్లీయా? టెక్కలి సంతకెల్తేనే మాపటికి వచ్చెత్తాది గదా, ఢిల్లీలో దానికేటి పని?"

"మొగుడి దగ్గరికెల్లినాదట. ఢిల్లీ ఆఫీసోల్లు ఎతికి ఎతికి దొరకనేదని ఫైలు మూసీసినారు."

ఇద్దరూ నవ్వారు. పోలారావైతే బల్ల కొట్టి మరీ నవ్వాడు. నవ్వుతూనే భవాని వేలు అదే వరుసలో కుడివైపుకి జరిగింది. చివరి గడిలో పరీక్ష ఫలితం ఉంటుంది. అక్కడ "పాజిటివ్" అని ఉంది. పక్కన ఆగస్టు తేదీ.

ఊగుతున్న కాలు ఆగింది. "అన్నా, నవ్వకు" అంది.

బీరువా తీసి జూలై ఫైలు దింపింది. నూట అరవై క్వెరీలు, ఎర్రమ్మది తొంభై మూడు. "హజ్బెండ్ ఢిల్లీ?" దాని పక్కన "యస్". తన రాతే, తన సంతకమే. వాళ్లడిగింది మొగుడు ఢిల్లీలో ఉన్నాడా అని. తను చెప్పింది మొగుడి పేరు ఢిల్లీ అని. మొగుడు అక్కడుంటే పెళ్లామూ అక్కడికే వెళ్లుంటుందని వాళ్లనుకున్నారు. వలసపోయినవాళ్ల ఫైలు ఢిల్లీ ఆఫీసుకి బదిలీ చేయాలన్నది వాళ్ల రూలు. ఫలితం వచ్చాక ఉత్తరం రాయాల్సింది కూడా ఆ ఆఫీసే. ఏ అడ్రసుకి రాస్తారు పాపం? ఢిల్లీలో ఎర్రమ్మ, వైఫాఫ్ ఢిల్లీ!

"నా సెయ్యి ఇరిగిపోనూ" అంది పైకే. పోలారావు "నానూ పూర్తి పేరు రాయనేదు గదమ్మా" అన్నాడు. ఆ మాట ఆవిడ చెవికెక్కలేదు. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు అని వేళ్లు మడుచుకుంటోంది.

విశాఖకి ఫోను చేసింది. మోహనకృష్ణ గారు చెడ్డవాడు కాదు, రూలు మనిషి. "మూసిన ఫైలు ముంబైవాళ్లే తెరవాలమ్మా. మెయిలు పెట్టు. వాళ్లు తెరిచాక నేనొచ్చి చెబుతాను. రిపోర్టు పేషెంటుకి చెప్పడం డాక్టరు పని, నీ పని కాదు. తొందరపడి ఏదో వాగేవు!" అన్నారు. భవాని మెయిలు పెట్టింది. ఆ ఇంటర్నెట్టు కీచుకీచుమని అరిచి అరిచి కలిసేది, మధ్యలో ఊడిపోయేది. సాయంత్రం దాకా నాలుగుసార్లు కలిపి చూసింది. జవాబు లేదు. రాత్రి తిరుమలరావు అన్నం వడ్డించుకుని "ఏటే, ఇవాళ కాలు ఊగట్లేదు?" అన్నాడు. చెప్పింది. అతను వేళాకోళం ఆడలేదు. "రేపు మెయిలు చూసుకుని ఎల్తావా, ఎల్లి వచ్చి చూసుకుంటావా?" అని మాత్రం అడిగాడు.

పొద్దున్నే టెక్కలి బస్సెక్కింది. టెక్కలిలో మారి భావనపాడు బస్సు. నౌపడా రైలు గేటు దగ్గర ఆ బస్సు ఆగిపోయింది. గూడ్సు వస్తోందట. వచ్చింది, పోయింది, గేటు ఎత్తలేదు. ఇంకోటి వస్తోందట! డ్రైవరు బీడీ వెలిగించాడు. పక్కసీటు ముసలాయన ఆవిడ కాలి వంక చూసి, "బస్సు కన్నా నీ కాలే జోరుగా ఎల్తన్నాది పాపా" అన్నాడు. ఇంకో రోజైతే నవ్వేది. కిటికీలోంచి ఉప్పుమడులు చూస్తూ, ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ కూర్చుంది. ఎంత కూడబలుక్కున్నా "తప్పు నాది" దగ్గరికొచ్చి మాట ఆగిపోతోంది.

భావనపాడులో ఎర్రమ్మ ఇంటికి తాళం. పక్కింటావిడ చేపలు తిరగేస్తూ తలెత్తి చూసింది. "టెక్కలి సంతకెల్లినాది. నువ్వొచ్చిన బస్సుకి ఎదురెల్లుంటాది."

అంటే తానొచ్చిన దారంతా మళ్లీ వెనక్కి! తిట్టుకుంటూ అదే బస్సు మళ్లీ ఎక్కింది. మళ్లీ నౌపడా గేటు. మళ్లీ గూడ్సు.

సంతలో ఎండుచేపల వరుస వెతుక్కోవాల్సిన పని లేదు, వాసనే దారి చూపిస్తుంది. ఎర్రమ్మ గోనెపట్టా మీద ఎండు సావిళ్లు పోగులు పెట్టుకుని కూర్చుంది. నోట్లో చుట్ట. నిప్పు లోపల. దవడ మాత్రం లోపలికీ బయటికీ ఆడుతోంది.

భవానిని చూడగానే చుట్ట తీసి, నవ్వింది. "ఒలే, చుట్టలాఫీసు పాపవి కాదూ! కూకో, కూకో. నువ్వు సెప్పినట్టే అయ్యినాది. ఉత్తరం రానేదు. నాకేటీ నేదని ఊరందరికీ సెప్పినాను."

భవాని గోనెపట్టా కొసన కూలబడింది. కూడబలుక్కున్నదంతా ఎటో పోయింది. "ఉత్తరమొచ్చింది అత్తా. నీ దగ్గరికి కాదు. ఢిల్లీ ఎల్లిపోయింది."

"ఢిల్లీ ఎందుకెల్లినాది?"

"నువ్వక్కడున్నావని నేనే రాసి పంపాను. మావయ్య పేరు అడిగారనుకుని అవునన్నాను. ఆల్లడిగింది ఊరు. తప్పు నాదే."

ఎర్రమ్మ నవ్వేసింది. పక్క పోగుల ఆడవాళ్లని పిలిచి మరీ చెప్పింది. "విన్నారటే, నానిప్పుడు ఢిల్లీలో ఉన్నానట! శ్రీకాకుళం దాటి ఎరగను, ఢిల్లీలో ఉన్నానట!" ఆ నవ్వులో అందరూ కలిశారు. ఆ నవ్వు ఎప్పుడాగుతుందో, ఆగాక ఏమడుగుతుందో భవానికి తెలుసు.

"మరి ఆ ఉత్తరంలో ఏటున్నాదమ్మా?"

చెప్పడం డాక్టరు పని. అది రూలు. మూడు నెలలు చెప్పకుండా ఉండడం ఎవరి పని? భవాని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "రాసపుండు మొదలయ్యిందని ఉంది అత్తా. వెంటనే విశాఖ వెళ్లాలి."

ఎర్రమ్మ కూలిపోయిన సావిళ్ల పోగు ఒకటి సర్దింది. అప్పటికే సర్దున్న ఇంకో పోగు కూడా సర్దింది. "మచ్చ దగ్గర మంటగా ఉంతాది. ఏటీ నేదన్నారు గదాని ఊరుకున్నాను" అంది.

మర్నాడు మోహనకృష్ణ గారు పలాసొచ్చి భవానిని దులిపేశారు. రూలు తప్పావన్నారు, ఉద్యోగం పోతుందన్నారు. అన్నీ అనేసి, వచ్చిన జీపులోనే ఆవిణ్ణి ఎక్కించుకుని భావనపాడు వెళ్లి ఎర్రమ్మ నోరు చూశారు. చూశాక ఆ మాటలేవీ మళ్లీ ఎత్తలేదు. ముంబైవాళ్లు ఫైలు తెరవడానికి మొగుడి పూర్తి పేరు, ఆవిడ వేలిముద్ర కావాలన్నారు. ఎర్రమ్మ మొగుడు వేటకి వెళ్లాడు, రేపటిదాకా రాడు. రేషన్ కార్డు చూద్దామంటే పేర్లు తప్పులున్నాయని దిద్దించడానికి మండలాఫీసులో ఇచ్చారట.

"ఢిల్లీరావా, ఢిల్లీశ్వరరావా అత్తా? ఒక్కటి చెప్పు చాలు" అంది భవాని.

ఇంత జరుగుతున్నా ఎర్రమ్మ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "పొడుగుది" అంది.

డిసెంబరులో విశాఖలో చేర్చారు. అక్కడి సర్జను నోట్లోకి లైటు వేసి చూసి, భవాని ఎర్రమ్మ కోడలనుకున్నాడేమో, కసిరాడు. "ఆగస్టులో తెచ్చుంటే చిన్న కోతతో పోయేది. ఇప్పుడు అంగిట్లో సగం తియ్యాలి. ఆ కన్నానికి ప్లేటు పెడతాం. మాట కొంచెం ముక్కులోంచి వస్తుంది. మనిషికి మాత్రం భయం లేదు. ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారమ్మా ఇంట్లో?" భవాని బయటికొచ్చి కుళాయి కింద మొహం పెట్టి, ఏడుపు ఆగేదాకా కడుక్కుంది.

ఆపరేషను ముందురోజు సాయంత్రం వార్డు వరండాలో ఇద్దరే ఉన్నారు. మొగుడు కిందికి టీ తేవడానికెళ్లాడు. మనిషి బతుకుతుందన్నారు కాబట్టి భవానికి కొంచెం తెరిపిగా ఉంది. వారం రోజుల్నుంచి గుండె మీదున్న బండ దిగినట్టుంది. ఎర్రమ్మ గోడకి జారబడి, చుట్ట లేని నోటిని ఏం చేసుకోవాలో తెలీక పెదాలు చప్పరిస్తోంది. ఉన్నట్టుండి అడిగింది.

"ఔను గాని పాపా, మా ఊర్లోనే ఆ పేరోల్లు ఏడుగురున్నారు. అన్ని ఊర్లల్లోనీ ఉంతారు. నాలాగ ఢిల్లీ ఎల్లిపోనోల్లు ఇంకెంతమందున్నారు?"

ఇన్నాళ్లూ భవాని ఎర్రమ్మ, ఎర్రమ్మ అని ఒక్క పేరే పట్టుకుని పరిగెత్తింది. జూలైలో నూట అరవై ప్రశ్నలు. "అలాంటివే ఇంకేవో కూడా" వచ్చాయని తనకి గుర్తే. ఎన్నిటికి "యస్" రాసింది?

టీ పట్టుకొచ్చిన ఢిల్లీశ్వరరావుకి ఎర్రమ్మని అప్పగించి, దొరికిన రైలెక్కింది. సీటు దొరికినా కూర్చోలేదు. పలాస దాకా తలుపు దగ్గరే నిలబడింది.

పొద్దున్న పోలారావుని పిలిపించి, ఇద్దరూ బీరువాలోని కార్బన్ కాపీలన్నీ నేల మీద పరిచారు. మధ్యాహ్నానికి తేలింది. ఎర్రమ్మ కాక పదకొండు మంది. పదకొండు మందినీ భవాని తన చేత్తో ఢిల్లీ ఎక్కించింది. అందులో ఎనిమిది మందికి నోరు చూడ్డమే గాని ముక్క తీయలేదు. ముక్క తీసినవాళ్లు ముగ్గురు. మోహనకృష్ణ గారు ఈసారి మెయిలు పెట్టమనలేదు, తనే ముంబైకి ఫోను చేసి అరిచారు. సాయంత్రం ఫ్యాక్సొచ్చింది. కంచిలి దగ్గరావిడకి ఏమీ లేదు. సుమ్మాదేవి ఊరావిడకీ ఏమీ లేదు. మూడోది మూలపేట ధనమ్మ, నలభై నాలుగేళ్లు. ఆ ఫలితం ఎర్రమ్మ దానికన్నా అధ్వాన్నంగా ఉంది. తేదీ అదే ఆగస్టు.

"సోమవారం జీపులో వెళదాం, నేనూ వస్తాను" అన్నారు డాక్టరు గారు ఫోన్లో. ఆ రోజు శుక్రవారం. సోమవారం దాకా ఆగే మనిషా భవాని? ఆగమని ఆవిడకి చెప్పడం కూడా దండగే.

శనివారం టెక్కలి, అక్కణ్ణించి సంతబొమ్మాళి, అక్కణ్ణించి ఆటో. ఆటోవాడు సగం దారిలో దింపేస్తే చివరి రెండు మైళ్లూ కొబ్బరితోటల మధ్య నడిచింది. నడక కాదు, పరుగే. ఈసారి కూడబలుక్కోలేదు. ఎర్రమ్మకి చెప్పిన మాటలే చెప్పాలి, ఇవాళే లేవదీసుకుపోవాలి, జీపు లేకపోతే బస్సు, బస్సు లేకపోతే ఇంకో ఆటో. విశాఖలో ఎర్రమ్మ పక్క మంచం ఖాళీ ఉందో లేదో కనుక్కోవాలి. మనిషికి భయం లేదంటాడు ఆ సర్జను, తప్పకుండా అంటాడు.

ఊరి మొదట్లో అడిగితే ఇల్లు చూపించారు. పెంకుటిల్లు. అరుగు మీద ఒకాయన కూర్చుని కొబ్బరిపీచు తాడు పేనుతున్నాడు. గుండు మీద వెంట్రుకలు అప్పుడే మొలుస్తున్నాయి. భవాని ఆ గుండు చూసింది గాని, చూడనట్టే ఉండాలనుకుంది.

"ధనమ్మ గారిల్లు ఇదేనా బాబూ? చుట్టలాఫీసు నుంచొచ్చాను."

"ఇదేనమ్మా." ఆయన తాడు పక్కన పెట్టి లేచాడు. "అది నేదమ్మా. మొన్న లచ్చివారానికి నెల్లయినాది."

భవాని అరుగు పట్టుకుంది. ఆయన లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. దూరం నుంచి వచ్చిన మనిషికి చెప్పాలి కదా అన్నట్టు, నిదానంగా చెప్పుకొచ్చాడు.

"సివరాకరికి గంజి కూడా దిగనేదు. ఆస్పత్రికెల్దామే అని దసరా నుంచీ మొత్తుకున్నాను. ఇననేదు. 'చుట్టలాఫీసోల్లు ముక్క తీసినారు, ఏటన్నా ఉంటే ఉత్తరమొస్తాదన్నారు, రానేదు గదా, ఇది పంటి నెప్పే' అనీది. పోస్టుమాను ఈ ఈదిలోకొచ్చినప్పుడల్లా గుమ్మంలోకొచ్చి సూసీది. ఆడు ఎల్లిపోతే నాకేసి తిరిగి 'సూసినావా, నేదు' అని సంబరపడీది."

చెంబు భవాని చేతిలోనే ఉంది. నోటిదాకా వెళ్లలేదు. "ఉత్తరం రాశారు బాబూ" అంది. "రాయకపోలేదు. మీరు దొరకలేదు. వెతికారు, దొరకలేదు."

"మేమా?" అన్నాడాయన. ఆయనకి కోపం రాలేదు, ఆశ్చర్యమేసింది. "సంవచ్చరం నుంచి ఈ అరుగు దిగనేదమ్మా. ఏ ఊర్లో ఎతికినారు?"

అబద్ధం ఆడొచ్చు. ఆడితే ఆయన నమ్ముతాడు కూడా. భవాని తలెత్తి ఆయన మొహంలోకి చూసి చెప్పింది.

"ఢిల్లీలో."

ఆయన, తెలీక తప్పు చెప్పిన పిల్లకి దిద్ది చెప్పినట్టు మెల్లగా అన్నాడు.

"ఢిల్లీ ఊరు కాదమ్మా. ఢిల్లీ నానే."